బరాబర్ అన్నదాకా

మా ఇంట్లో అన్నం వండుకునే గిన్నె మీద మా పేరు ఉండేది కాదు. పప్పు గిన్నె మీద ఎవరో పెండ్లికొడుకు పేరు, మంచినీళ్ళ బిందె మీద ఏ ఊరి మేనమామో మేనకోడలికి రాయించిన ఆశీస్సు, చాయ్ గ్లాసుల మీద భోకర్ వైపు ఎక్కడో కాలం చేసిన ఒక పెద్దాయన జ్ఞాపకం. నాందేడ్‌లో మా బాపుది గిన్నెల దుకాణం. కొన్న గిన్నె మీద పేరు కొట్టి ఇవ్వడం అక్కడి మామూలు. పెండ్లి గిన్నెల మీద కానుక పెట్టినవాళ్ళ పేరు, కర్మ నాడు పంచే గిన్నెల మీద పోయినవాళ్ళ పేరు. పేరు కొట్టే మిషన్ బాపు చేతిలో జుయ్యిమంటూ ఉంటే, ఆయన నోరు మాత్రం ఏదో పరాయి దేశంలో, అక్కడి ఫౌజుల మధ్య తిరుగుతూ ఉండేది. తప్పులు పడక ఏం చేస్తాయి? తప్పు పేరు పడ్డ గిన్నెను ఎవరూ కొనరు, అది మా వంటింటికి చేరేది. "మీ బాపు దేశాల పంచాయతి చేసినన్ని దినాలు మనకు గిన్నెల కరువు లేదు" అనేది మా అమ్మ.

ఆ పంచాయతిలో రెండో మనిషి చాచా. ఉర్దూ బడిలో మాస్టర్‌గా చేసి రిటైరైనాడు. కుండల్‌వాడి దగ్గరి ఒక చిన్న ఊరు ఆయనదీ మా బాపుదీ. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు నాందేడ్ చేరి, ఇక్కడ మళ్ళీ ఒకరికొకరు దొరికారు. బాపుకంటే నాలుగైదేళ్ళు పెద్ద. బాపు ఆయనను మాస్టర్ సాబ్ అనేవాడు, ఆయన బాపును సేట్ అనేవాడు, అందులో కొంచెం ఎగతాళి ఉండేది. సాయంత్రం అసర్ నమాజు కాగానే వచ్చి గద్దె మీద కూర్చునేవాడు. పొద్దు గూకి మగ్రిబ్ అజా వినబడగానే మాట సగంలో ఉన్నా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవాడు.

మొదట్లో అమ్మ ఆయనకు చాయ్ పంపడానికి వేరే గ్లాసు పెట్టేదట. ఆ రోజుల్లో అదేమీ వింత కాదు. కానీ మా గ్లాసులన్నిటి మీదా ఎవరెవరి పేర్లో ఉండడంతో, ఏది వేరేదో కొన్నాళ్ళకు అమ్మకే గుర్తు లేకుండా పోయింది. ఆ తర్వాత అందరం అన్ని గ్లాసుల్లోనూ తాగాం. మా నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు.

వాళ్ళిద్దరి వాదనకు ఒక రూలు ఉండేది. అది చాచా తన బడి నుంచి తెచ్చింది. ఇద్దరు పిల్లలు కొట్టుకుని ఆయన ముందుకు వస్తే, ఎవడి ఫిర్యాదు వాడు చెప్పకూడదు. ఒకడు రెండోవాడి ఫిర్యాదు చెప్పాలి. రెండోవాడు విని, సరిగ్గా చెప్పాడనిపిస్తే "బరాబర్" అనాలి. అనకపోతే మళ్ళీ చెప్పాలి. బరాబర్ అన్నదాకా ఎవరికీ ఇంటికి పోవడం లేదు. దుకాణంలో కూడా అంతే. ఎదుటివాడి మాటను వాడు ఒప్పుకునేలా చెప్పగలిగితేనే దానికి జవాబు చెప్పే హక్కు. నాకు ఓపిక తక్కువ. చిన్నప్పుడు ఈ తంతు చూసి, వీళ్ళు జవాబు దాకా ఎప్పుడు చేరతారా అని విసుక్కునేదాన్ని. చాలా రోజులు చేరేవాళ్ళే కాదు.

రష్యా ఫౌజు ఆఫ్ఘనిస్తాన్‌లో దిగిన సంగతి మా దుకాణంలో ఏండ్ల తరబడి నడిచింది. ట్రాన్సిస్టర్‌లో ఉర్దూ వార్తలు అయిపోగానే మొదలయ్యేది.

"అక్కడి సర్కారే పిలిచింది మాస్టర్ సాబ్. పిలిస్తే పోయిండ్రు" అనేవాడు బాపు.

"పిలిచింది కుర్సీల కూసున్నోడు సేట్. ఇండ్లల్ల ఉన్నోళ్ళు పిలిచిండ్రా? ఇప్పుడు నా మాట నువ్వు చెప్పు."

"మీకు రష్యా అంటే పడదు, అంతే గదా."

"కాదు. మళ్ళ చెప్పు."

"ఏ దేశపోళ్ళ ఫౌజు ఆ దేశంలనే ఉండాలె అంటున్నరు."

"గది గూడ కాదు. మళ్ళ."

బాపు మిషన్ ఆపి, తల గోక్కుని, గోడ వైపు చూసి అనేవాడు, "పిలిచినోడు వేరే, ఫౌజు ఎవని వాకిట్ల నిలబడ్తదో వాడు వేరే. వాకిలి ఎవనిదో వాణ్ణి అడగాలె. అంతేనా?"

"బరాబర్."

అప్పటిదాకా నిలబడి ఉన్న గిరాకీ ఆమె, "మా బిందె సంగతి గూడ జర అడుగుండ్రి బాబూ" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. బిందె మీద పేరు మాత్రం తప్పు పడేది.

ఆ ఏండ్లలో పేపర్ల నిండా ఒకటే మాట ఉండేది. మరాఠీ పేపర్ దహశత్‌వాది అని రాసేది, హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చే తెలుగు పేపర్ ఉగ్రవాది అని రాసేది. తుపాకి పట్టినవాడికీ అదే పేరు, తుపాకి పట్టినవాడికి ఒక పూట అన్నం పెట్టినవాడికీ అదే పేరు. దాని అర్థం తేల్చాలని వీళ్ళిద్దరూ కూర్చున్నారు. పోలీసులు, కోర్టులు తేల్చలేనిది గిన్నెల దుకాణంలో తేలుతుందని వాళ్ళ నమ్మకం.

"చేతుల ఏం లేనోణ్ణి చంపి, సూసినోళ్ళందరిని వణికిచ్చేటోడు. గంతే. దీంట్ల ఇంక ఏమున్నది?" అన్నాడు బాపు.

"మరి గదే పని సర్కారు వర్దీ తొడుక్కుని చేస్తే?"

"వర్దీ ఉన్నోణ్ణి అడగనీకి పైన ఒకడుంటడు."

"ఉంటడు. అడుగుతడా?"

బాపు మిషన్ మళ్ళీ నడపడం మొదలుపెట్టాడు. నాకు ఈ ముక్క ఎంత నచ్చిందంటే, మరాఠీలోకి మార్చి బడిలో వ్యాసంలో రాశాను. మా మరాఠీ టీచర్ బాయి దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, విషయం వదిలి పక్కకు పోయావని రాసింది. చాచాకు చూపిస్తే, "బిడ్డా, పక్కకు పోకుంట విషయం దొరకది" అని నవ్వాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమో ఆ రోజు తెలిసింది.

అన్ని దేశాల గురించీ మాట్లాడే వీళ్ళిద్దరూ ఒక్క సంగతి ముట్టుకునేవాళ్ళు కాదు. వాళ్ళ సొంత ఊరి సంగతి. మేము ఉన్నది ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానం. దేశానికి స్వతంత్రం వచ్చినా మాకు ఏడాదికి పైగా రాలేదు. ఆ ఏడాదిలో, సంస్థానం నిలబడాలని ఆయుధాలు పట్టుకున్నవాళ్ళు ఊళ్ళ మీద పడ్డారు. మా ఇంట్లో వాళ్ళ పేరు కూడా తీసేవాళ్ళు కాదు, "ఆళ్ళు" అనేవాళ్ళు. ఆళ్ళ చేతుల్లో మా బాపు అన్న చచ్చిపోయాడు. ఆ తర్వాత ఢిల్లీ ఫౌజు వచ్చింది, పోలీస్ యాక్షన్ అన్నారు దాన్ని. ఫౌజు లారీలు మా ఊరి సడక్ మీదికి వచ్చిన రోజు, పదహారేళ్ళ మా బాపు ఇంటి కప్పు మీదికెక్కి ఇత్తడి తాంబాళం గరిటెతో కొట్టాడు, తాంబాళం సొట్టలు పోయేదాకా. ఊరంతా కప్పులెక్కి అట్లాగే కొట్టిందట. ఆ తాంబాళం మా దుకాణంలో గద్దె వెనక గోడకు వేలాడుతూ ఉండేది. దాన్ని ఎవరు అడిగినా అమ్మేవాడు కాదు.

సెప్టెంబర్‌లో ముక్తి దినం వస్తుంది. సంస్థానం దేశంలో కలిసిన రోజు. బాపు ఆ రోజు ఇస్త్రీ ధోవతి కట్టుకుని జెండా వందనానికి పోయేవాడు. చాచా ఆ ఒక్క రోజు దుకాణానికి వచ్చేవాడు కాదు. "మాస్టర్ సాబ్‌కు మోకాళ్ళ నొప్పులు" అనేవాడు బాపు. ఏటా అదే రోజు మోకాళ్ళు ఎందుకు నొస్తాయని నేను అడగలేదు. పిల్లలకు కొన్ని సంగతులు అడగకూడనివని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

నేను పన్నెండో తరగతిలో ఉన్న ఏడు, మన ఫౌజు శ్రీలంకకు పోయింది. శాంతి నిలపడానికి అన్నారు. తర్వాత అక్కడ ఏమైందో అందరికీ తెలుసు, ఆ వానాకాలంలో మాకు ఇంకా తెలియదు. మా కాలేజీలో ముక్తి దినానికి వక్తృత్వ స్పర్ధ, అంటే ఉపన్యాస పోటీ, పెట్టారు. విషయం, పరాయి దేశంలోకి ఫౌజును పంపడం న్యాయమా కాదా. చీటీ తీస్తే నాకు న్యాయమే అని మాట్లాడే పక్షం వచ్చింది. నేను ఎగిరి గంతేసి దుకాణానికి పోయాను. ఇంట్లో ఇద్దరు వకీళ్ళు ఉండగా నాకేం తక్కువ?

బాపు మురిసిపోయాడు. చాచా పెన్ను తీసుకుని, "నేను నీ మీద వాదిస్త. నన్ను గెలిస్తే కాలేజీల అందర్ని గెలిచినట్టే" అన్నాడు. వినాయక చవితి దినాలు. వీధిలో మండపం నుంచి పాటలు వస్తున్నాయి. నేను గద్దె ముందు నిలబడి మొదలుపెట్టాను. పక్కింట్లో మంట లేస్తే కాంపౌండ్ గోడ దాటకూడదని ఆగుతామా అన్నాను. చాచా వెంటనే అడిగాడు, "మంట ఆర్పినంక ఇంటోళ్ళ గిన్నెలు ఎవరు మోస్కపోయిండ్రు?"

కూతురు తడబడేసరికి బాపు ఊరుకోలేకపోయాడు. "అరే, గంత దూరం ఎందుకు? మన సంగతే చెప్పు. ఆ దినాలల్ల సంస్థానం వేరే, ఢిల్లీ వేరే. ఢిల్లీ ఫౌజు రాకుంటే ఎట్లుండేది?" అంటూ లేచాడు. లేచి గోడ మీది తాంబాళం తీశాడు. "గిట్ల కొట్టిన నేను! స్పర్ధల గిది చెప్పు బిడ్డా!" అని పక్కనున్న గరిటెతో బాదడం మొదలుపెట్టాడు. ఇత్తడి చప్పుడు చిన్న దుకాణంలో చెవులు పగలగొట్టింది. గిన్నెలన్నీ గుయ్యిమన్నాయి. బాపు ముఖం పదహారేళ్ళ పిల్లవాడి ముఖంలా అయిపోయింది. "ఆ ఫౌజు అచ్చిందని అందరం బతికినం!" అన్నాడు.

చాచా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టాడు.

"అందరమా, సేట్?" అన్నాడు.

బాపు గరిటె ఆగిపోయింది. చాచా చెప్పులు వేసుకున్నాడు. అజాకు ఇంకా చాలా టైముంది. వీధిలో నడిచిపోతున్న ఆయన వీపు చూస్తూ నేను, "చాచా, మీ చాయ్" అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. "వస్తడు. ఎక్కడికి పోతడు" అన్నాడు బాపు. అసర్ అజా కాగానే వీధి చివరికి చూసేవాడు, ఎవరైనా గమనిస్తే తుమ్ము వచ్చినట్టు తల తిప్పేవాడు. చాయ్ రెండు గ్లాసులు తెప్పించి, రెండూ తనే తాగేవాడు. మాట్లాడే తోడు లేదు కనుక ఇక తప్పులు పడవని మేము అనుకున్నాం. అదేం లేదు. భోకర్ నుంచి వచ్చిన ఒకాయన పెండ్లికూతురి పేరు కొట్టమంటే, గుండిగ మీద పెండ్లికూతురి పేరు పక్కన స్వర్గీయ అని కూడా కొట్టాడు. ఆ పెద్దమనిషి అరిచిన అరుపులకు వీధంతా పోగైంది. అమ్మ ఆ గుండిగను వంటింట్లోకి తెచ్చుకుని, బోర్లించి, దాని మీద కూర్చుని నవ్వింది, నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది. "పోయి ఆయనను తోల్కరా పిల్లా. నీ బాపు గిట్లనే ఉంటే మనకు కొంప మునుగుతది" అని నా చేతిలో కుడుముల డబ్బా పెట్టింది.

చాచా ఇల్లు గోదావరి వైపు పోయే గల్లీలో, రెండు గదుల ఇల్లు. నేను పోయేసరికి ఆయన బజారుకు పోయాడు. చాచీ ఉంది, మంచం మీద చాచా వాళ్ళ అమ్మ ఉంది. దాదీకి ఎనభై దాటింది, చూపు లేదు. నన్ను దగ్గరికి పిలిచి ముఖం తడిమి, "సేట్ బిడ్డవా" అంది. చాచీ స్టవ్వు మీద రొట్టెలు చేస్తోంది. నేను కుడుములు తీసి పళ్ళెంలో పెడుతున్నాను. అప్పుడు గల్లీలోంచి నిమజ్జనానికి పోయే పిల్లలు పళ్ళాలు వాయించుకుంటూ వచ్చారు. సరదాగా, గోలగోలగా, ఎవరో పళ్ళెం మీద గరిటెతో బాదుతూ.

దాదీ చెయ్యి నా చేతిని పట్టేసింది. "చూల్హా బుఝావ్ బహూ. చూల్హా బుఝావ్. పొగ కనబడ్తది" అంది. పొయ్యి ఆర్పమంటోంది. గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. చాచీ ఏమీ ఎరగనట్టు స్టవ్వు మీద పెనం కొంచెం జరిపి, "బుఝా దియా అమ్మా, ఆర్పేసిన" అంది. స్టవ్వు మండుతూనే ఉంది. పిల్లలు గల్లీ దాటి పోయేదాకా దాదీ నా చెయ్యి వదలలేదు.

చాచీ నన్ను వాకిట్లోకి తీసుకుపోయి చెప్పింది. ఫౌజు వచ్చిన నాడు ఊరంతా కప్పుల మీద పళ్ళాలు కొడుతుంటే, వీళ్ళు తలుపులు వేసుకుని, పొగ కూడా బయటికి పోకుండా పొయ్యి ఆర్పుకుని కూర్చున్నారట. చాచా నాయన దర్జీ. కొన్ని దినాలయ్యాక, గొడవ సద్దుమణిగిందని అనుకుని, కుట్టిన బట్టలు పట్టుకుని పక్క ఊరికి బయలుదేరాడు. ఊరి పొలిమేరలోనే కొడవళ్ళతో నరికారు. ఆయన ఎవరి జోలికీ పోయినవాడు కాదు, ఆయుధం పట్టినవాడు కాదు. అప్పటి నుంచి దాదీకి పళ్ళెం చప్పుడు వినబడితే పొయ్యి ఆర్పాలి. "పెండ్లయి అచ్చినప్పటి సంది ఆర్పుతున్న. ఆర్పకుంటనే ఆర్పిన అంట" అంది చాచీ, తన అబద్ధానికి తనే సిగ్గుపడుతున్నట్టు.

నేను ఇంటికి పరుగెత్తాను. బాపు దుకాణంలో ఒక్కడే ఉన్నాడు. చూసినదంతా చెప్పాను. కోపంగానే చెప్పాను.

"మాస్టర్ సాబ్ నాయన సంగతి నాకు తెలుసు బిడ్డా. ఊర్ల అందరికి తెలుసు" అన్నాడు బాపు.

"దాదీ ఇంకా పొయ్యి ఆర్పమంటున్నది. అది తెలుసా?"

తెలియదని తల ఊపాడు. గోడ మీది తాంబాళం వైపు చూశాడు. అటే చూస్తూ అన్నాడు, "నేను సంబురం ఆగక కొట్టిన. మా అన్నను చంపినోళ్ళు పోయిండ్రని కొట్టిన. అది తప్పా?"

"నన్నడుగుతవేంది బాపు? రూలు ఏంది? అన్ని దేశాలోళ్ళ మాట చెప్తవు, చాచా మాట ఒక్కటి చెప్పలేదు నువ్వు."

"ఆయన గూడ నా మాట చెప్పలేదు గదా" అన్నాడు, మొండి పిల్లవాడిలాగా. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన కండ్లు చూశాక ఆ మంట చల్లారింది. ఇన్నేండ్ల స్నేహం పోతే ఈ మనిషి ఏమైపోతాడో అని మొదటిసారి భయం వేసింది.

ముక్తి దినం తెల్లారింది. బాపు ఎప్పటిలాగే ఇస్త్రీ ధోవతి కట్టుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. నేను కాలేజీకి తయారై, ఉపన్యాసం కాగితాలు పట్టుకుని వెంట నడిచాను. జెండా వందనం దగ్గర దిగబెట్టి నేను ముందుకు పోవాలి. చౌరస్తాలో బాపు జెండా వైపు తిరగలేదు. గోదావరి వైపు తిరిగాడు. నేను వెంట పోయాను.

చాచా తలుపు తీసి చూసి నిలబడిపోయాడు. "ఇయ్యాల జెండా వందనం లేదా సేట్?"

"ఉన్నది. నేను లేకున్నా జెండా ఎగురుతది" అన్నాడు బాపు. "మీ మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయి, సూసిపోదామని అచ్చిన."

చాచా ముఖంలో నవ్వు రాబోయి ఆగింది. లోపలికి రమ్మన్నాడు. బాపు స్టూలు మీద కూర్చున్నాడు, చాచా తన తల్లి మంచం పట్టె మీద కూర్చున్నాడు. దాదీ గోడకు ఆనుకుని, తల ఇటు తిప్పి వింటోంది. చాచీ, నేను గడప దగ్గర ఉన్నాం.

"మీ మాట చెప్పనీకి అచ్చిన మాస్టర్ సాబ్" అన్నాడు బాపు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మా అన్నను చంపినోళ్ళు పోయిండ్రని నేను తాంబాళం కొట్టిన..."

"అది నీ మాట సేట్. నా మాట చెప్తనన్నవు."

బాపు గొంతు సవరించుకున్నాడు. "ఫౌజు అచ్చింది. ఆ గడబిడల మీ అబ్బ పోయిండు."

"పోలేదు. మళ్ళ చెప్పు."

"మీ అబ్బను చంపిండ్రు."

"ఎవరు?"

"ఎవరో బయటి నుంచి అచ్చినోళ్ళు..."

"మళ్ళ చెప్పు" అన్నాడు చాచా. గొంతు పెంచలేదు. బడిలో పిల్లవాడితో మాట్లాడినట్టే అన్నాడు.

బాపు మోకాలి మీది టోపీ తీసి చేతుల్లో నలిపాడు. నేను ఆయనను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. "మనూరోళ్ళు" అన్నాడు చివరికి. "మీ అబ్బ కుట్టిన అంగీలు తొడుక్కున్నోళ్ళే."

"ఫౌజు చంపుమన్నదా వాళ్ళను?"

"అనలే. ఫౌజు సడక్ మీద ఉన్నది, ఊర్లె ఏమైతున్నదో సూడలే. ఇగ మనల్ని అడిగెటోడు లేడని మనోళ్ళకు ధైర్యం అచ్చింది. ఆళ్ళు మమ్ముల ఎట్ల వణికిచ్చిండ్రో, మనోళ్ళు మిమ్ముల గట్లనే వణికిచ్చిండ్రు. మీ అబ్బ చేతుల సూది దారం తప్ప ఏం లేదు." బాపు ఆగాడు. మళ్ళీ అందుకున్నాడు. "నేను కొట్టిన చప్పుడు మా ఇంటికి పండుగ. ఆ చప్పుడుకు మీ ఇంట్ల పొయ్యి ఆరింది. నేనేమో అందరం బతికినం అన్న. అందరం బతకలే."

చాచా పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

"బరాబర్."

అన్నది దాదీ. చూపు లేని కండ్లు ఎటో పెట్టి, స్పష్టంగా అంది. కొడుకు ఇంట్లో ఎన్నిసార్లు ఆ మాట అనగా విన్నదో.

చాచా తన తల్లి పాదం మీద చెయ్యి వేశాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "ఇప్పుడు నా వంతు సేట్" అన్నాడు.

"వద్దు మాస్టర్ సాబ్..."

"రూలు రూలే. విను. ఆ ఎండకాలం ఆళ్ళు మన ఊరికి అచ్చిండ్రు. నా మజహబ్, నా మతం పేరు చెప్పుకుంట అచ్చిండ్రు. మీ అన్నకు పెండ్లి కుదిరింది, మా అబ్బ కుట్టిన కొత్త అంగీ తొడుక్కున్నడు ఆ దినం. ఆళ్ళు ధాన్యం బండి అడిగితే ఇయ్యనన్నడు. ఊరి నడుమకు గుంజుకచ్చి చంపిండ్రు, అందరు సూడాలెనని. నేను కిటికీ సందుకెల్లి సూసిన. ఆళ్ళు నన్నేమనకపోతుండె. నేను తలుపు తీసి ఒక్క మాట అనొచ్చుండె. తియ్యలే. అప్పటి సంది మీ అమ్మ వాకిట్ల కూసునే తెల్లారిచ్చేది. ఫౌజు లారీలు అచ్చిన దినం ఆమె ఇంట్లకు పోయి పండుకున్నది. అమ్మ పండుకున్నదని నువ్వు కప్పు మీదికెక్కినవు. ఆ చప్పుడు మా మీదికి కొట్టింది కాదు. ఇన్నేండ్లు నాకు ఆ సంగతి ఎరుకే. నోట్లకెల్లి రాలే."

బాపు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. భుజం మీది కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మా పెద్దబాపు పెండ్లి కుదిరిన మనిషని, కొత్త అంగీలో పోయాడని నాకు ఆ రోజే తెలిసింది. బాపు ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు.

"తల ఊపుతె కాదు సేట్. నోటితో చెప్పాలె" అన్నాడు చాచా.

కండువా వెనక నుంచి వచ్చింది, "బరాబర్."

దూరంగా జెండా వందనం అయిపోయినట్టుంది, పిల్లలు నినాదాలిస్తూ ఊరేగింపుగా పోతున్నారు. కాలేజీలో అప్పటికి నా పేరు పిలిచి, కొట్టేసి ఉంటారు. నా చేతిలోని కాగితాలు చెమటకు మెత్తబడ్డాయి. ఏ పక్షం మాట్లాడాలని వాటిలో రాసుకున్నానో చూసుకోవాలని కూడా అనిపించలేదు. ఊరేగింపు గల్లీ మొదటికి వచ్చింది. అందులో ఎవరో పళ్ళెం వాయిస్తున్నారు, చప్పుడు దగ్గరవుతోంది. చాచీ గబగబా స్టవ్వు దగ్గరికి పోయింది, ఎప్పటిలాగే పెనం జరిపి ఆర్పేశానని చెప్పడానికి. బాపు ముఖం పాలిపోయింది. అందరం మంచం వైపు చూశాం.

దాదీ చెవి ఒగ్గి విన్నది. చెయ్యి గాల్లోకి చాపి, బాపు కూర్చున్న వైపు తడిమింది. బాపు స్టూలు జరుపుకుని ఆ చేతికి తన చెయ్యి అందించాడు. చప్పుడు మా తలుపు ముందుకు వచ్చింది. దాదీ ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది, పట్టుకునే ఉంది.

"చూల్హా జలావ్ బహూ" అంది. "సేట్ ఇంటికి అచ్చిండు. పొయ్యి ముట్టియ్యి, చాయ్ పెట్టు."

మండుతూనే ఉన్న స్టవ్వు మీద చాచీ చాయ్‌కి నీళ్ళు పెట్టింది.